మరలన్నీ అవతలివైపే

“తిరగడం లేదా?” అంది వదిన.

“తిరుగుతుంది” అన్నాడు ఆమె మొగుడు, పెద్దాడు.

“ఇందాకట్నుంచీ చూస్తున్నా. తాళం చెవి ఉన్నచోటే ఉంది. మీ మొహం మాత్రం మూడు రంగులు తిరిగింది.”

ఏం చెబుతాడు? తాళాల మేస్త్రి, తాళాల మేస్త్రి కొడుకు, తను చేసిన తాళం తనే వేసి, ఆ తలుపు వెనక తనే ఇరుక్కుపోయాడు. తాళం వేసినవాడే తాళలేకపోతున్నాడు. నిన్న సాయంత్రం చెల్లెలి మీద కోపంతో నడిమి తలుపుకి బిగించిన తాళం, తెల్లారేసరికి అతని మీదే కోపం తెచ్చుకుంది.

ఆ ఇంటికి వీధిలోకి దారి ఒక్కటే. ముందుగదిలో చెల్లెలు చిట్టి దుకాణం. అందులో సముద్రం దాటి వచ్చిన తాళాలు. వెనక షెడ్డులో పెద్దాడి కార్ఖానా. అందులో చెమట దాటి వచ్చిన తాళాలు. మధ్యలో నడవ, నడవకి నడిమి తలుపు. వెనకవైపు పక్కింటివాళ్ళ గోడ లేచిన దగ్గర్నుంచీ పెద్దాడు వీధి మొహం చూడాలంటే చెల్లెలి మొహం చూడక తప్పదు. “పరాయి సరుకుని ఈ గడప దాటనివ్వను” అని నిన్న రంకెలు వేసినప్పుడు, ఆ గడప తనూ దాటాలన్న సంగతి అతనికి తట్టలేదు. కోపానికి కళ్ళుండవంటారు. దానికి దారులు కూడా ఉండవు.

అదీ ఇవాళే! ఇవాళ సుంకాలాయన వస్తున్నాడు. బయటి తాళాల మీద సుంకం వెయ్యమంటారా, వద్దంటారా అని ప్రభుత్వం తరఫున కార్ఖానా కార్ఖానా తిరిగి అడుగుతున్న అధికారి. ఈ వీధిలో మిగిలిన కార్ఖానా పెద్దాడిదొక్కటే. సుంకం వేస్తే చిట్టి దుకాణం మూత. వెయ్యకపోతే పెద్దాడి కార్ఖానా మూత. ఏ మూత పడినా పడేది ఒకే కుండ మీద.

“ఒరేయ్ పెద్దాడా, టీ ఎక్కడ్రా?”

అమ్మ గొంతు. తలుపు పక్కన గోడలో జానెడు కిటికీ ఉంది. గ్లాసు పడుతుంది, కంచం పట్టదు. అమ్మ మంచం చిట్టి వైపు, వంటిల్లు పెద్దాడి వైపు. పాపం, నిన్న రాత్రి అన్నం కూడా గ్లాసులోనే వచ్చింది.

వదిన గ్లాసు కిటికీలో పెట్టింది. “సుంకం కట్టి తీసుకోండి అత్తయ్యా.”

“కడతానులే. నీ మొగుణ్ణి మోసి కన్నందుకు రావలసింది ఏమన్నా ఉంటే అందులో కొట్టెయ్” అంది అమ్మ. టీ ఊదుకుంటూ మళ్ళీ అంది. “దిగుమతి అంటే మతి దిగడం. ఎగుమతి అంటే మతి ఎగిరిపోవడం. నా పిల్లలిద్దరికీ దేవుడు చెరొకటీ సమానంగా పంచాడు.”

సగం తాగి గ్లాసు పక్కకి జరిపింది. పక్కన చిట్టి ఉంది. చప్పుడు కాకుండా తీసుకుని తాగింది. పట్టపగలే దొంగరవాణా! అయితే అమ్మ ఎప్పుడూ సగమే తాగుతుందని వదినకి తెలుసు. తెలిసే అంచుదాకా పోసింది.

ఖాళీ గ్లాసు వెనక్కి వచ్చింది. పెద్దాడు దాన్ని చూశాడు. గ్లాసు అంచున రెండు చోట్ల పెదాల తడి. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

“రంపం తెచ్చి గడియ కోసేద్దామా?” అంది వదిన.

“నా తాళాన్నా? సుంకాలాయన వచ్చే వేళకి, కోసిన తాళం చూపించి, ఇదిగోనండి మా పనితనం అనమంటావా?”

“మరి మరలు విప్పి ఊడదియ్యండి.”

ఆ మాటకి మూల కూర్చున్న ఆకురాయి తాత లేచాడు. పెద్దాడి నాన్న రోజుల నుంచీ ఆ షెడ్డులోనే తాళం చెవులు అరగదీస్తున్న మనిషి. ఇల్లూ అదే, పనీ అదే. తలుపు దగ్గరికి వచ్చి పైనుంచి కిందికి తడిమాడు. కిందినుంచి పైకి తడిమాడు.

“అబ్బాయ్, దీని మరలేవిరా?”

పెద్దాడు వంగి చూశాడు. నున్నటి ఇనపపలక. ఒక్క మర తల కూడా కనపడలేదు.

నిన్న కోపంలో తలుపు ఊడదీసి, నేల మీద పడుకోబెట్టి, తాళం బిగించి, మళ్ళీ నిలబెట్టాడు. నిలబెట్టేటప్పుడు మరలు ఏ వైపుకి మరలాయో చూసుకోలేదు.

“మరలన్నీ అవతలివైపే” అన్నాడు మెల్లగా.

“బావుంది” అంది వదిన. “దొంగకి భయపడి తలుపేసుకుని, గొళ్ళెం దొంగ చేతిలో పెట్టారన్నమాట.”

“దొంగ ఎవరే?” కిటికీలోంచి చిట్టి గొంతు ఖంగున మోగింది. “వదినా, నన్నేనా?”

“సామెత వరసకి అన్నానమ్మా. నువ్వు ఆడపడుచువి, వరస మారదు. ఒక్కసారి ఇలా వచ్చి చూడు.”

“నన్ను అటు రావొద్దన్నారుగా?”

“రావొద్దన్నది ఆయన. రమ్మంటున్నది నేను.”

“ఆయన్నే పిలవమను.”

పెద్దాడు ఇంటికప్పుకేసి చూస్తూ అన్నాడు. “అటువైపు ఎవరైనా ఉంటే, తాళం లోపల ఏమైందో కాస్త విని చెప్పమను.”

“అటువైపు ఉన్నవాళ్ళు ఆయనకి ఏమవుతారో కూడా చెప్పమను.”

కప్పు రేకుల మీద ఏదో పిట్ట నడిచిపోయింది.

“చిట్టీ” అన్నాడు పెద్దాడు. గొంతు తుప్పు పట్టిన తాళంలా కిర్రుమంది. “వినవే.”

ఆ ఇంట్లో వినడం అంటే మామూలు వినడం కాదు. నాన్న పెట్టిన అలవాటు. తాళం తయారవగానే చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని తిప్పాలి. గడియ కదిలే చప్పుడు, గడియ ఆగే చప్పుడు, ఆ రెండూ ఎవరికైనా వినిపిస్తాయి. వాటి తరవాత స్ప్రింగు సర్దుకునే చప్పుడు ఒకటుంటుంది. నిద్రలోకి జారుకునే పసిపిల్ల ఊపిరంత సన్నం. ఆ మూడో చప్పుడు లేని తాళం గుమ్మం దాటకూడదు. ‘తాళానికి ఒక చెవి, మనిషికి రెండు, మూడూ కలిస్తేనే తాళం’ అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. ‘చెయ్యి పెద్దాడిది, చెవి చిట్టిది’ అని.

చిట్టి తలుపుకి చెవి ఆనించింది. “తిప్పు అన్నయ్యా.”

“తిప్పాను.”

“అంత బలంగా కాదు. నిద్రలేపుతున్నావా, దాన్ని కొడుతున్నావా? మెల్లగా.”

మెల్లగా తిప్పుతూ పెద్దాడు కూడా చెవి ఆనించాడు. వదిన చూసింది. మధ్యలో ఒక్క చెక్క. అటు ఒక చెవి, ఇటు ఒక చెవి. చిన్నప్పుడు ఒకే దుప్పటిలో గుసగుసలాడుకున్న చెవులే.

“స్ప్రింగు విరిగింది” అంది చిట్టి. కళ్ళు మూసుకునే ఉంది. “ముక్క గడియ కింద ఇరుక్కుంది. కానీ... ఇది నేనిచ్చిన స్ప్రింగు కాదే.”

మూలకి వెళ్ళి మళ్ళీ అరగదీస్తున్న తాత ఆకురాయి ఆగిపోయింది.

చిట్టి కళ్ళు తెరిచింది. నోరు మూసుకుంది. ఆలస్యమైపోయింది. మాటకి గడియ వెయ్యడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

“నువ్విచ్చిన స్ప్రింగేమిటి?” అన్నాడు పెద్దాడు.

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేదు, అయినా తుడుచుకుంది.

“దాన్ని అడక్కండి. నన్నడగండి. మనం స్ప్రింగులు తెచ్చుకునే మిల్లు మూతపడి ఏడాది దాటింది.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే నేనూ మూసేస్తానని కూర్చుంటారు. తాతకి పని ఎక్కణ్ణుంచి తేను? చిట్టిని అడిగాను. దాని పెట్టెల్లోనే బయట్నుంచి తెప్పించేది. పైసా లాభం వేసుకోకుండా ఇచ్చేది. నేను తెచ్చి మామయ్యగారి రేకు డబ్బాలో పోసేదాన్ని. మీరు డబ్బాలోంచి తీసుకుని తాళాల్లో పెట్టేవారు.”

“ఏడాదిగా నేను ‘మన చేతి తాళం’ అని ముద్ర కొట్టి అమ్ముతున్నవి...”

“చెయ్యి మీదే కదండీ. నేనేం కాదన్నానా?”

పెద్దాడు బల్ల మీద కూలబడ్డాడు. “ఎంత పని చేశావే! నా ఇంట్లోకి, నా డబ్బాలోకి, దొంగచాటుగా...”

“దొంగచాటుగా కాదు, వదినచాటుగా” అంది చిట్టి కిటికీలోంచి. “మరి ఇందులో పెట్టిందెక్కడిది?”

“డబ్బా అడుగున మిగిలింది. నాన్న చుట్టిన స్ప్రింగు.” పెద్దాడి గొంతు తగ్గింది. “ఈ తలుపుకి అదే ఉండాలనిపించింది నిన్న.”

చిట్టి చాలా మెత్తగా అంది.

“నాన్న స్ప్రింగు ముసలిదైపోయింది అన్నయ్యా. తప్పు దానిది కాదు.”

ఆ మెత్తదనమే పెద్దాడికి గుచ్చుకుంది. మెత్తటి మాటకి ఎదురు చెప్పడం చేతకానివాడు గట్టిగా అరుస్తాడు. అరిచాడు.

“దానిది కాదు, నాది! ఆడపిల్లల హాస్టలు వాళ్ళు ఎన్నేళ్ళుగా నా దగ్గర కొన్నారు? మొన్న నీ పెట్టె దిగగానే నా గుమ్మం ముందునుంచే నీ తాళాలు మోసుకుపోయారు. నేను గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలా?”

“నీ దగ్గర కొన్నది వార్డెను. గేటుకి. లోపల ఆ అమ్మాయిలు పెట్టెలకి తాడు కట్టుకునేవాళ్ళు, తెలుసా? నీ తాళం కొనాలంటే వాళ్ళు పెట్టె అమ్ముకోవాలి. ఇప్పుడు ప్రతి పెట్టెకీ ఓ తాళం ఉంది. ఒకమ్మాయి తాళం చెవి మెళ్ళో వేసుకుని తిరుగుతోంది. నగలా వేసుకున్నావా అని అడిగితే, కాదక్కా, నాదంటూ మూసుకోడానికి ఇప్పటికి ఒకటి దొరికింది అంది. ఆ పిల్లకి ఏం చెప్పమంటావ్? మళ్ళీ తాడు కట్టుకోమని చెప్పనా?”

“మరి తాతకి నన్నేం చెప్పమంటావే? నీ తాళం పాడైతే పారేస్తారు, ఇంకోటి కొంటారు. పనిలేని మనిషిని ఎక్కడ పారెయ్యను? తాత చెయ్యి ఇలా అవ్వడానికి ఓ జీవితం పట్టింది. ఒకసారి ఆగిపోతే, రేపు నీ ఓడలు రాని రోజున ఏ సముద్రంలోంచి తెస్తావ్ ఇలాంటి చెయ్యిని?”

తాత ఆకురాయి కింద పెట్టాడు.

“నన్ను మధ్యలోకి లాగకండర్రా” అన్నాడు తాత. “మధ్యలో తలుపుంది, చాలదూ?”

ఎవరికీ నవ్వు రాలేదు. తాతకి తప్ప.

పెద్దాడే మళ్ళీ అందుకున్నాడు. “రోజూ పొద్దున్నే నీ గదిలో టిక్కు టిక్కుమని వినపడుతుంది. ఎన్ని అమ్ముతున్నావో నాకు తెలియాలని చప్పుడు చేస్తున్నావనుకునేవాణ్ణి.”

“వింటున్నాను అన్నయ్యా. వచ్చిన ప్రతి తాళాన్నీ. కొన్ని ఒకదాని చెవికి ఇంకొకటి తెరుచుకుంటాయి. కొన్నింటికి మూడో చప్పుడు ఉండదు. అలాంటివి అమ్మను.”

“అమ్మకపోతే ఏం చేస్తున్నావ్?”

“అమ్మకపోతే అమ్మ మంచం కింద పెడుతోంది” అంది అమ్మ. “పక్క మీద దొర్లితే కింద గలగల. రాజుగారి ఖజానా మీద పడుకున్నట్టుంది.”

పెద్దాడు నుదురు తలుపుకి ఆనించాడు. నష్టానికి ఓర్చి చెల్లెలు నాన్న మాట నిలబెడుతోంది, పరాయి తాళాల మీద. తను నాన్న డబ్బాలోంచి పరాయి స్ప్రింగులు తీసి బిగిస్తున్నాడు, సొంత తాళాల్లో. ఇందులో ఎవరి సరుకు ఎవరిది?

అంతలో వీధిలోంచి పిడుగు పడింది.

“పెద్దాడా! సుంకాలాయన వేంచేశారు!”

తాళాల తయారీదార్ల సంఘం అధ్యక్షుడు. ఊరంతా మైకు బాబాయ్ అంటారు. ఆయన సభలకి మైకు అద్దెకి తేనక్కర్లేదు. ఆయన వెనక, సన్నగా, చొక్కా జేబులో కలం పెట్టుకుని, చెప్పులు బయటే విడిచి సుంకాలాయన లోపలికి వచ్చాడు. చిట్టి ముందరి తాళాల అట్టపెట్టెలు చూశాడు. మూసిన తలుపు చూశాడు.

“కార్ఖానా ఎక్కడండీ?”

“దాని వెనక” అంది చిట్టి.

“తెరవండి మరి.”

“తెరుచుకోదండీ.”

“ఎవరేశారు తాళం?”

“మా అబ్బాయే నాయనా” అంది అమ్మ. “రక్షణ కోసం వేసుకున్నాడు.”

సుంకాలాయన కలం తియ్యబోయి ఆగాడు. మైకు బాబాయ్ అందుకున్నాడు. “చూశారా సార్, మావాళ్ళ తాళం ఎంత గట్టిదో! చేసినవాడే తియ్యలేకపోతున్నాడు! ఇలాంటి పనితనం బయట దొరుకుతుందా?”

“దొరక్కపోవచ్చు” అన్నాడు సుంకాలాయన నవ్వకుండా. కిటికీ దగ్గరికి వచ్చాడు. “మేస్త్రిగారూ, సూటిగా అడుగుతాను. తాళాలూ, తాళాల్లో వేసే సామానూ, అన్నిటి మీదా కలిపి సుంకం అనుకుంటున్నారు పైవాళ్ళు. ఈ వీధి తరఫున మీ మాటే రాసుకుంటాను. వెయ్యమంటారా, వద్దంటారా?”

“సామాను మీద కూడానా?” వదిన కిటికీ దగ్గరికి వచ్చింది. “స్ప్రింగులు?”

“అవీ అందులోవేనమ్మా.”

మైకు బాబాయ్ గబగబా కిటికీ దగ్గర మూతి పెట్టాడు. గుసగుసలాడుతున్నానని ఆయన అనుకున్నాడు. వీధి చివరిదాకా వినపడింది. “స్ప్రింగుల సంగతి నాకొదిలెయ్ రా పెద్దాడా. వాటిని తప్పించి, తయారైన తాళాల మీద మాత్రమే వేయిద్దాం. నీ స్ప్రింగు నీకు చవగ్గా వస్తుంది, ఎదుటివాడి తాళం పెట్టెలోనే ఉండిపోతుంది. నువ్వు ఊఁ అను చాలు.”

ఎదుటివాడు! ఎదురుగా ఉన్నది చిట్టి. చేతిలో మరలు విప్పడానికి తెచ్చుకున్న స్క్రూడ్రైవరు.

ఒక్క ఊఁ. నిన్నటిదాకా పెద్దాడు దేనికోసం గొంతు చించుకున్నాడో, అంతా ఆ ఒక్క అక్షరంలోకి వచ్చి కూర్చుంది. తాత బతుకు, కార్ఖానా, నాన్న పేరు. అతను తాతకేసి చూశాడు. తాత తన చేతులకేసి చూసుకుంటున్నాడు. పెద్దాడు ఖాళీ టీ గ్లాసుకేసి చూశాడు.

“అమ్మా, దుకాణం మీదేనా?” సుంకాలాయన చిట్టిని అడుగుతున్నాడు. “మీ మాట కూడా చెప్పండి. వినడానికేం?”

“వద్దండీ, వెయ్యకండి.”

“వెయ్యండి సార్.”

రెండు గొంతులు ఒక్కసారే వచ్చి తలుపు దగ్గర ఢీకొన్నాయి. ఎవరిది ఏదో తెలియక సుంకాలాయన చెవి రుద్దుకున్నాడు.

“ఎవరు వద్దన్నారు?”

“నేను” అంది తలుపు.

“వెయ్యమన్నది?”

“నేను” అంది చిట్టి. ఆమె కళ్ళు నిండాయి. “ఆ వెనక ఒక ముసలాయన ఉన్నాడండీ. ఆకురాయి చప్పుడు ఆగిపోతే నాకు నిద్ర పట్టదు.”

మైకు బాబాయ్ నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

“నీకేమన్నా మతి పోయిందా?” తలుపు అరిచింది. “వేస్తే దుకాణం మూతే. ఆ పిల్లలు మళ్ళీ తాళ్ళు కట్టుకోవాలి!”

“వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. వెయ్యకపోతే నీ తాత?”

“తాత సంగతి నేను చూసుకుంటా!”

“నన్నెవరూ చూసుకోనక్కర్లేదు, ముందు తలుపు చూడండి” అన్నాడు తాత.

“మొన్నటిదాకా ఎవరికోసం వాళ్ళు కొట్టుకున్నారు బాబూ” అంది అమ్మ సుంకాలాయనతో. “ఇవాళ ఒకరికోసం ఒకరు కొట్టుకుంటున్నారు. కాస్త నయమే.”

సుంకాలాయన కలం జేబులో పెట్టుకున్నాడు. “రెండు మాటలు రాయడానికి నాకు చోటు లేదమ్మా. వీధి చివర టీ తాగి వస్తాను. ఈలోపు అన్నాచెల్లెళ్ళు ఒక మాట మీదికి రండి. వచ్చాక ఆ తలుపు తీసి, ఎదురుగా నిలబడి చెప్పాలి. తలుపులు చెప్పే మాటలు నేను రాసుకోను.”

మైకు బాబాయ్ ఆయన వెంట పరుగెత్తాడు. గొంతు వీధిలో దూరమైంది.

చిట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. “విప్పుతున్నా అన్నయ్యా.”

“ఊఁ” అన్నాడు పెద్దాడు. ఇందాక అనని ఊఁ ఇప్పుడు అన్నాడు.

ఒక మర వచ్చింది. నేల మీద పడి దొర్లింది. ఇంకొకటి.

“చిట్టీ.”

“ఏం?”

“మరలన్నీ నీ వైపే ఉన్నాయి. నిన్న సాయంత్రమే విప్పి పారేసి ఉండొచ్చు. అమ్మకి గ్లాసులో అన్నం తినే గతి పట్టేది కాదు. ఎందుకు విప్పలేదే?”

స్క్రూడ్రైవరు ఆగింది.

“నువ్వు వేసిన తాళం కదా” అంది చిట్టి. “నువ్వే తీస్తావని చూశాను.”

వదిన అటు తిరిగి, తడి లేని చేతులు మళ్ళీ కొంగుతో తుడుచుకుంది. ఈసారి చేతులతో ఆగలేదు.

చివరి మర ఊడింది. పలక చిట్టి చేతిలోకి వచ్చేసింది. విరిగిన స్ప్రింగు ముక్క రాలి ఆమె ఒళ్ళో పడింది. వేలితో గడియ వెనక్కి జరిపింది. గడియ కదిలింది. గడియ ఆగింది. మూడో చప్పుడు రాలేదు. ఇద్దరూ చెరోవైపు చెవులు రిక్కించుకుని ఉన్నారు, రాదని తెలిసీ.

ఇక తలుపుకి తాళం లేదు. కానీ ఆ తలుపు కార్ఖానా వైపుకే తెరుచుకుంటుంది. చిట్టి తొయ్యొచ్చు, కానీ తొయ్యదు. లాగాలి. లాగాల్సింది పెద్దాడు.

“ఏం చెబుతావు అన్నయ్యా ఆయనకి?”

“నువ్వేం చెబుతావే?”

వీధిలో మైకు బాబాయ్ గొంతు మళ్ళీ దగ్గరవుతోంది. గుమ్మం బయట సుంకాలాయన చెప్పులు విడుస్తున్న చప్పుడు.

పెద్దాడి చెయ్యి తలుపు పిడి మీద పడింది. లాగలేదు. వదల్లేదు కూడా.